మోటారుసైకిలు దారి పనిముట్లు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం

మోటారుసైకిలు దారి పనిముట్లు అంటే ఊరికీ ఊరికీ మధ్య బండి ఆగిపోయినప్పుడు దాన్ని అక్కడికక్కడ కదిలించుకోవడానికి నడిపేవారు వెంట ఉంచుకునే పానాలు, పంక్చరు సామాను, చిన్న విడిభాగాలు, కట్టుకంబి వంటి వస్తువులు. మెకానిక్కు అంగడిలోని పనిముట్లు బండిని పూర్తిగా బాగుచేయడానికి ఉద్దేశించినవి కాగా, వీటి పని బండిని తరువాతి అంగడి దాకా చేర్చడంతో తీరిపోతుంది. ఎంపికలో వచ్చే పొరపాట్లు చాలావరకు ఈ తేడాను మరిచిపోవడం వల్ల వచ్చేవే. ఇంట్లో ఉన్న సెట్టంతా మూటగట్టినవారి దగ్గర కూడా సమయానికి కావలసిన ఒక్క పానా దొరకకపోవడం కద్దు. కడప జిల్లా పశ్చిమ భాగంలో ఈ ఎంపికను ముఖ్యంగా నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి: నేల, ముళ్లు, అంగళ్ల మధ్య దూరం, బండి ఏ తరానిదన్నది.

నేల, దారులు

పెన్నా ఒడ్డునున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాల మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లే. ఇక్కడ బండి ఆగినా మెకానిక్కో, పంక్చరు అంగడో నెట్టుకుపోగలిగినంత దూరంలో సాధారణంగా దొరుకుతుంది. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే సుమారు 15 కిలోమీటర్ల దారిలోనూ, ముద్దనూరు మీదుగా పులివెందులకు, అక్కడి నుంచి సింహాద్రిపురం, లింగాల మండలాల పల్లెలకు పోయే దారుల్లోనూ ఈ వసతి తగ్గుతుంది. చీని, అరటి తోటల్లో మోటారు వేయడానికి రాత్రిపూట పోయే రైతుకు అంగడి ఉన్నా తెరిచి ఉండదు కనుక, పగటి ప్రయాణానికి చాలిన సంచి రాత్రి ప్రయాణానికి చాలదు. అందులో కనీసం ఒక టార్చిలైటు అదనంగా చేరాలి.

ప్రొద్దుటూరు, రాజుపాళెం, పెద్దముడియం, జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి నేలలు విస్తారం. వానకు తడిసిన రేగడి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ఇంజను చక్కగా ఉన్నా బండి కదలదు, బలవంతంగా లాగిస్తే క్లచ్ ప్లేట్లు కాలుతాయి. ఈ బంకను గీకి తీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు అక్కరలేదు, టైరు లివరే చాలు. ముందు మడ్‌గార్డు మరీ కిందికి ఉన్న బండ్లలో దాన్ని విప్పడానికి 10 మిల్లీమీటర్ల పానా కూడా కావలసి రావచ్చు. యర్రగుంట్ల, నిడుజువ్వి వైపు నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నచోట దారి అంచున పడి ఉండే పదునైన రాతిచెక్కులు టైరు పక్కగోడను కోయగలవు. అటువంటి కోతకు దారి పక్కన నమ్మదగిన మరమ్మతు లేదు. టైరు లోపల మందపాటి రబ్బరు ముక్క అడ్డుపెట్టి, నెమ్మదిగా తరువాతి ఊరు చేరడమొక్కటే మార్గం.

కంపముల్లు

పట్టణం దాటాక టైరుకు మేకుకన్నా ముల్లు ఎక్కువ ప్రమాదకారి. తుమ్మ, రేగు ముళ్లతోపాటు, చెరువు గట్లనూ బీళ్లనూ దారి అంచులనూ ఆక్రమించిన కంపచెట్టు (దీన్నే సర్కారు తుమ్మ అని కూడా అంటారు) ఇందుకు ముఖ్య కారణం. ఈ మొక్క భారతదేశంలో అడుగుపెట్టిన చరిత్రకు ఈ జిల్లాతోనే సంబంధం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో దీన్ని తెప్పించాలని ప్రతిపాదించగా, మరుసటి ఏడు కడప జిల్లా కమలాపురంలోని అటవీ తోటలో నాటారని ఎక్కువమంది రచయితలు రాశారు. విత్తనం జమైకా నుంచి వచ్చిందని కొందరు, మెక్సికో నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. దాదాపు అదే కాలంలో సింధు ప్రాంతంలో నాటడాన్ని మొదటిదిగా లెక్కించేవారూ ఉన్నారు. స్థలమూ సంవత్సరమూ రెండూ స్పష్టంగా చెబుతున్నందువల్ల కమలాపురం కథనానికే ఎక్కువ బలం ఉన్నట్లు కనబడుతుంది. అయితే ఇప్పుడు రాయలసీమ అంతటా ఉన్న కంప ఆ ఒక్క తోట నుంచే వ్యాపించిందనడం అతిశయోక్తి కావచ్చు.

కంపముల్లు టైరులో దిగాక మొన విరిగి రబ్బరులోనే ఉండిపోవడం సాధారణం. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. ట్యూబుకు ప్యాచ్ వేసి టైరు ఎక్కించినవారికి కొద్ది దూరంలోనే మళ్లీ గాలి దిగిపోవడానికి చాలాసార్లు ఈ మొనే కారణం. కనుక ఈ ప్రాంతపు సంచిలో సన్నముక్కు కటింగ్ ప్లేయరుకు పంక్చరు సామానుతో సమానమైన స్థానం ఉంది.

బండ్ల తరాలు, మారిన సంచి

బండి మారినకొద్దీ సంచి మారింది. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఈ దేశంలో నిలదొక్కుకోవడానికి తోడ్పడిన సైన్యపు ఆర్డరు 1952 నాటిదని కొందరు, 1954 నాటిదని కొందరు రాశారు కాని, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిందన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. మైసూరు ఐడియల్ జావా సంస్థ 1960లో ఏర్పడి, 1961లో బండ్లు తయారు చేయసాగిందని సాధారణంగా అంగీకరిస్తారు. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ కూడా ఆ దశాబ్దపు తొలి ఏళ్లదే. ఈ తరం బండ్లలో ప్లగ్గుకు సరైన క్షణంలో నిప్పురవ్వ అందించేవి పాయింట్లు, అంటే ఇంజను తిరిగేకొద్దీ కలుస్తూ విడిపోతూ ఉండే రెండు చిన్న లోహపు బిళ్లలు. అవి కాలి గుంటలు పడితే బండి ఆగిపోతుంది కనుక, సన్నని ఆకురాయి, ఎడం కొలిచే రేకులు ఆనాటి సంచిలో తప్పనిసరి. బుల్లెట్‌లో ఈ ఎడం సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి.

జావా, రాజ్‌దూత్, 1980లో వచ్చిన టీవీఎస్ 50, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 రెండు స్ట్రోకుల బండ్లు. వీటిలో పెట్రోలుతోపాటు ఆయిలు కూడా కాలుతుంది కనుక ప్లగ్గు తొందరగా మసిపడుతుంది. ప్లగ్గు పానా, ఎమెరీ కాగితం, మరో ప్లగ్గు లేకుండా దూరం పోవడం సాహసమే అయ్యేది. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చి నాలుగు స్ట్రోకుల బండ్లు పల్లెల దాకా వ్యాపించిన తరువాత ప్లగ్గు బాధ చాలా తగ్గింది, పాయింట్లు కాలక్రమేణా కనుమరుగయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలై, కొత్త బండ్లలో చాలావాటికి కార్బొరేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ రావడంతో, వాటిలో కార్బొరేటరు జెట్టు ఊది శుభ్రం చేసే పని కూడా దారి పక్క మరమ్మతుల జాబితా నుంచి తొలగిపోయింది. ఇంతకాలంలో మారకుండా మిగిలినవి టైరు, చైను, వైర్లు.

పానాల కొలతలు

సంచిలోకి పానాలు ఎంచుకునే ముందు బండిది ఏ కొలతల సంప్రదాయమో తెలియాలి. జపాను సంప్రదాయపు బండ్లలో నట్ల తలలు ఎక్కువగా 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్లు ఉంటాయి. ఒకే 8 మిల్లీమీటర్ల మందం బోల్టుకు జపాను పద్ధతిలో 12 మిల్లీమీటర్ల తల, ఐరోపా పద్ధతిలో 13 మిల్లీమీటర్ల తల ఉంటాయి. ఇనుప సామాను అంగళ్లలో దొరికే మామూలు సెట్టులో 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19 జతలు ఉంటాయి. వాటిలో 9, 11, 15, 18 వంటి కొసలు ఈ బండ్లవారిలో చాలామందికి ఉపయోగపడని బరువు. 10-12, 14-17 జతల పానాలు రెండు దొరికితే దాదాపు అంతే పని తీరుతుంది. పాత బుల్లెట్లలో కొన్నింటికి 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన అంగుళాల పద్ధతికి చెందిన, లేదా దానికి దగ్గరి బ్రిటిష్ కొలతలకు చెందిన నట్లు ఉంటాయి. విట్‌వర్త్ పానా మీది అంకె నట్టు తల వెడల్పును కాక బోల్టు మందాన్ని సూచిస్తుంది కనుక, అంకె చూసి కాక నట్టుకు తొడిగి చూసి ఎంచుకోవాలి.

రింగు పానా నట్టు ఆరు మూలలనూ పట్టుకుంటుంది, నోరు తెరిచిన పానా రెండు ముఖాలనే పట్టుకుంటుంది. ఎండకూ వానకూ తుప్పుపట్టి బిగిసిన నట్ల మీద నోటి పానా జారి మూలలు అరిగిపోతే, తరువాత మెకానిక్కుకు కూడా ఆ నట్టు లొంగదు. సర్దుబాటు స్క్రూ ఉన్న రెంచి ఒక్కటే అన్నింటికీ చాలునన్న వాదన ఈ కారణంగానే నిలవదు. దాన్ని నట్టుకు రెండోవైపు పట్టుకోవడానికి పెట్టుకోవచ్చు. ప్లగ్గు పానాకు కూడా కొలత ఉంది: 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకు సుమారు 21, స్ప్లెండర్ వంటి బండ్లలోని 10 మిల్లీమీటర్ల మర ప్లగ్గుకు 16 మిల్లీమీటర్ల పానా కావాలి.

చక్రం

ట్యూబు టైరు బండ్లవారి మధ్య తరచు తేలని ప్రశ్న, మరో ట్యూబు మోయాలా, ప్యాచ్ సామాను మోయాలా అన్నది. ట్యూబు మార్చాలంటే ఇరుసు విప్పి చక్రం ఊడదీయాలి, అందుకు ఇరుసు నట్టుకు సరిపడే పొడవైన పానాలు రెండు కావాలి. ప్యాచ్ వేయడానికి చక్రం ఊడదీయనక్కరలేదు. బండిని స్టాండు వేసి, గాలి పూర్తిగా తీసి, రెండు లివర్లతో టైరు ఒక అంచును రిమ్ము మీదికి తెచ్చి, చిల్లుపడిన భాగం మేరకు ట్యూబును బయటికి లాగితే చాలు. ట్యూబులో కాస్త గాలి కొట్టి, తడి చేసిన పెదవి దగ్గరగా జరుపుతూ పోతే బకెట్టు నీళ్లు లేకున్నా గాలి ఎక్కడినుంచి వస్తున్నదో తెలుస్తుంది. చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసుకుని, టైరులో అదే చోట లోపలివైపు గుడ్డతో తుడిస్తే విరిగిన ముల్లు గుడ్డకు తగులుకుంటుంది. వేలితో తడిమితే ముల్లు వేలికే దిగవచ్చు. ముల్లు తీశాక, ట్యూబు మీద ఎమెరీ కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది చేతికి అంటని దశకు ఆరేదాకా ఆగి ప్యాచ్ అంటించాలి. తడిగా ఉండగానే అంటించడమే ప్యాచ్ ఊడిపోవడానికి ఎక్కువగా కారణం.

మూత ఒకసారి తీసిన సొల్యూషన్ ట్యూబు కడప ఎండలకు ఎండిపోతుంది. అందువల్ల దగ్గరి తిరుగుడుకు ప్యాచ్ సామాను, ఎక్కువ దూరానికి రెండూ పెట్టుకోవడం మేలుగా తోస్తుంది. ముందు వెనక రెండు టైర్లూ 18 అంగుళాల రిమ్ముపై ఉండే 100 సీసీ బండ్లకు సాధారణంగా ఒకే ట్యూబు రెండింటికీ సరిపోతుంది. ట్యూబులేని టైర్లకు చిల్లును గరుకు సూదితో సరిచేసి, జిగురు పూసిన పట్టీని దూర్చే సామాను చాలు. ఏ టైరుకైనా చిన్న గాలి పంపు తప్పనిసరి.

చైను, వైర్లు, ఫ్యూజు

చిన్న బండ్లలో ఎక్కువగా వాడే 428 రకం చైను లంకెల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు. ఇదే రకపు చైను లాకు ఒకటి చిన్న పొట్లంలో ఉంచుకుంటే తెగిన చైనును కలపవచ్చు. లాకు క్లిప్పు మూసిన కొస చైను కదిలే దిక్కుకు ఉండాలి. క్లచ్ వైరు ఎక్కువగా చేతి లివరు దగ్గరి గుండు వద్దనే పోగులు తెగుతుంది. దూరప్రయాణం చేసేవారిలో కొందరు కొత్త వైరును పాతదాని పక్కనే ముందుగా కట్టి ఉంచుతారు. సంచి బరువు పెరగదు, చీకట్లో దూర్చే పనీ ఉండదు. స్క్రూతో బిగించే గుండు, సైకిలు బ్రేకు వైరు ఉంటే యాక్సిలరేటరు వైరు తెగినా తాత్కాలికంగా గడుస్తుంది. ఫ్యూజు కాలితే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. దాని స్థానంలో రాగితీగ చుట్టే అలవాటు ప్రమాదకరం, ఎందుకంటే తరువాత కాలేది వైరింగే. ఇన్సులేషన్ టేపు, కట్టుకంబి, అరమీటరు పెట్రోలు పైపు, రాయి తగిలి చిట్లిన ఇంజను కేసు పూడ్చడానికి ఎం-సీల్ వంటి ముద్ద ఈ జాబితాను పూర్తిచేస్తాయి.

భిన్నాభిప్రాయాలు

కంపెనీ ఇచ్చిన సంచి చాలునని ఒక పక్షం, సెల్‌ఫోను ఉండగా సంచే వద్దని మరో పక్షం, అంగడంత సామాను ఉండాలని మూడో పక్షం చెబుతాయి. కంపెనీ సంచిలో టైరు లివర్లు, పంపు ఉండడం అరుదు కనుక, ముళ్ల ప్రాంతంలో మొదటి వాదన బలహీనం. రెండోది పట్టణాల మధ్య చెల్లుతుంది కాని, గండికోట వైపో లింగాల వైపో రాత్రిపూట చెల్లడం కష్టం. మూడో పక్షం వారి సామానులో సగం వారి బండికి సరిపడనిది కావచ్చు. ఈ ముగ్గురి మాటలకన్నా ఆధారపడదగిన పద్ధతి ఒకటుంది: సంచిలోని పనిముట్లతోనే ఇంటి ముందర ఒకసారి టైరు విప్పి బిగించి, ప్లగ్గు తీసి పెట్టి, చైను సడలించి బిగించి చూడడం. ఆ పనుల్లో చేతికి రాని పనిముట్టును తీసివేయాలి, అందక అడ్డుపడినదాన్ని చేర్చాలి. ఇంజెక్షన్ బండ్లలోనూ ఎలక్ట్రిక్ స్కూటర్లలోనూ ఇంజను, కరెంటు లోపాలు దారి పక్క చేతిపనికి అందకుండా పోతున్నా ముల్లు ఆ బండ్ల టైర్లలోనూ దిగుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో సంచి సర్దుకోవడం చక్రంతో మొదలుపెట్టి, మిగిలిన చోటును చైనుకు, వైర్లకు, ప్లగ్గుకు ఆ వరుసలో ఇవ్వడం అన్ని తరాల పెట్రోలు బండ్లకూ వర్తించే నియమంగా చెప్పవచ్చు.