దావత్‌నామా వెనక జమానత్ ఎవరిది?

ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలలు దగ్గర పడుతున్నాయంటే తిజారత్ చేసే మన ఖాందాన్లలో ఒక మాట వినిపిస్తుంటుంది: "ఇన్విటేషన్ వచ్చిందా?" చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 1957 నుంచి నడుస్తున్న కాంటన్ ఫేర్ ఆ నెలల్లోనే మొదలవుతుంది. లైట్లు, బొమ్మలు, మొబైల్ సామాను తెచ్చి అమ్మే దుకాణదారు అక్కడికి వెళ్లాలంటే బిజినెస్ వీసా కావాలి. పాస్‌పోర్టు, ఫోటోలు, బ్యాంకు కాగితాలు అతని చేతిలోవే. ఒక్క కాగితం మాత్రం అతని చేతిలో ఉండదు. అవతలి ముల్క్‌లో ఉన్నవాళ్లు "ఫలానా మనిషి, ఫలానా పని మీద, ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా వస్తున్నాడు, పిలిచింది మేమే" అని రాసి, మొహర్ వేసి పంపాలి. అదే దావత్‌నామా.

దీన్ని మనం ఈ కాలపు దఫ్తర్ల తతంగం అనుకుంటాం. కానీ దీని తవారీఖ్ వెయ్యేళ్లకు పైబడినది. అందులో మన బుజుర్గుల వాటా చాలా ఉంది, బందరు రేవు వాటా కూడా ఉంది.

ముందు గ్వాంగ్‌జౌ సంగతే చూద్దాం. అరబ్ సౌదాగర్లు ఆ ఊరిని ఖాన్ఫూ అనేవాళ్లు. సులైమాన్ అనే తాజిర్ పేరుతో ప్రసిద్ధమైన "అఖ్బారుస్సీన్ వల్ హింద్" అనే కితాబ్ హిజ్రీ 237లో, అంటే క్రీ.శ. 851లో తయారైంది. చైనాలో ఒక చోటి నుంచి మరో చోటికి సఫర్ చేసేవాడి దగ్గర రెండు కాగితాలు ఉండాలని అందులో ఉంది. ఒకటి ఆ ప్రాంతపు హాకిం ఇచ్చేది: ముసాఫిర్ పేరు, ఉమర్, వెంట ఉన్నవాళ్ల వివరాలు, అతని ఖబీలా. రెండోది బాద్షా తరఫున ఉండే ఖ్వాజాసరా ఇచ్చేది: అతని దగ్గరున్న సొమ్మెంత, సరుకేమిటి. దారిలో చౌకీల దగ్గర ఈ రెండూ చూసి రాసుకునేవాళ్లు. ఎందుకట? ముసాఫిర్ సొమ్ము పోతే ఎక్కడ పోయిందో తెలియాలని, అతను ఇంతెఖాల్ అయితే మాల్ అతని వారిసులకు చేరాలని.

ఈ ఒక్క జుమ్లా దగ్గర నేను ఆగిపోయాను. నేటి వీసా ఫారంలో అడిగేవి కూడా దాదాపు ఇవే: పేరు, ఉమర్, జాతీయత, డబ్బెంత, పనేమిటి. సవాళ్లు మారలేదు. కానీ ఆ రోజు ఆ కాగితం నడిచింది మెహమాన్ హిఫాజత్ కోసం.

మన ఫిఖహ్‌లో దీనికి ఒక పేరుంది: అమాన్. బయటి ముల్క్ నుంచి వచ్చి అమాన్ తీసుకున్నవాణ్ణి ముస్తామిన్ అంటారు. పనాహ్ కోరి వచ్చినవాడికి పనాహ్ ఇవ్వాలని, తర్వాత అతణ్ణి తన భద్రమైన చోటికి చేర్చాలని సూరా తౌబా 6వ ఆయత్‌లో హుకుం ఉంది. ఇక ఆ అమాన్ ఎవరివ్వాలి? సుల్తానే ఇవ్వాలని లేదు. హిజ్రీ 8లో మక్కా ఫతహ్ రోజున హజ్రత్ ఉమ్మె హానీ (రజి.) తన అత్తింటి తరఫు వాళ్లకు పనాహ్ ఇచ్చారు. ఆమె సోదరుడు హజ్రత్ అలీ (రజి.) ఒప్పుకోలేదు. ఆమె నేరుగా దైవప్రవక్త (స.అ.స.) దగ్గరికి వెళ్లి చెప్పారు. ఆమె ఇచ్చిన పనాహ్‌ను ఆయన ఖాయం చేశారు. ఒక ఇల్లాలి జుబాన్ మొత్తం లష్కర్‌ను కట్టేసింది! ఈ రోజు ఏ ముల్క్‌లో ఏ ఎంబసీ ఇలాంటి కాగితాన్ని మంజూర్ చేస్తుంది చెప్పండి.

తిజారత్ సంగతి హజ్రత్ ఉమర్ (రజి.) ఖిలాఫత్‌లో వచ్చింది. హారూన్ రషీద్ కాలపు ఖాజీ అల్ ఖుజాత్ ఇమాం అబూ యూసుఫ్ తన "కితాబుల్ ఖరాజ్"లో ఈ రివాయత్ రాశారు. అప్పటికి ఇస్లామీ హుకూమత్ బయటే ఉన్న మంబిజ్ వాళ్లు ఖలీఫాకు ఖత్ పంపారు: మమ్మల్ని తాజిర్లుగా మీ జమీన్‌లోకి రానివ్వండి, మా దగ్గర ఉష్ర్ తీసుకోండి, అని. ఉమర్ (రజి.) సహాబాలతో మష్వరా చేసి ఇజాజత్ ఇచ్చారు. బిజినెస్ వీసా దరఖాస్తు అంటే ఇంకేముంటుంది?

రేటు ఎలా పెట్టారన్నది ఇంకా దిల్చస్ప్‌గా ఉంటుంది. ముస్లిం తాజిర్లు అటువైపు వెళ్తే అక్కడివాళ్లు పదో వంతు వసూలు చేస్తున్నారని అబూ మూసా అష్అరీ (రజి.) రాసి పంపారు. వాళ్లు మనవాళ్ల దగ్గర ఎంత తీసుకుంటే మీరూ వాళ్ల దగ్గర అంతే తీసుకోండని ఖలీఫా జవాబు. అలా ముస్లిం తాజిర్‌కు నలభయ్యో వంతు, జిమ్మీకి ఇరవయ్యో వంతు, బయటి తాజిర్‌కు పదో వంతు ఖరారైంది. మా పౌరులకు మీరెంత ఫీజు వేస్తే మీ పౌరులకు మేమూ అంత వేస్తాం అని నేడు దేశాలు లెక్క వేసుకుంటాయే, అదే బరాబరీ ఉసూలు.

మీయాద్ కూడా ఉండేది. హనఫీ ఫిఖహ్ ప్రకారం ముస్తామిన్ పూర్తి ఏడాది ఉండిపోతే ఇక అతను మెహమాన్ కాదు, జిజియా కట్టే రిఆయా. ఆ గడువు లోపల అతని జాన్, మాల్ హుకూమత్ జిమ్మేదారీ. అతను ఇక్కడే కన్నుమూస్తే ఆస్తి అతని వతన్‌లోని వారిసులదే. ఖాన్ఫూలో రెండో కాగితం చేసిన పని ఇక్కడ ఖానూన్ చేసింది.

ఇక బందరుకు వద్దాం. మచిలీపట్నాన్ని మనవాళ్లు ఇప్పటికీ బందరు అనే అంటారు. అది ఫార్సీ మాట, రేవు అని అర్థం. గోల్కొండ కుతుబ్‌షాహీల ప్రధాన రేవు అదే. ఇరాన్ నుంచి అక్కడికి సౌదాగర్లు ఎంతగా వచ్చేవాళ్లంటే, ఇస్ఫహాన్ వైపు నుంచి ఇలాగే తిజారత్ మీద వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ అనే అతను చివరికి సల్తనత్‌లో మీర్ జుమ్లా అయి కూర్చున్నాడు. 1606లో డచ్చివాళ్లకు ఫర్మానా దొరికింది. 1611లో ఇంగ్లీషువాళ్ల నావ వచ్చింది. ఇరవై ఏళ్ల పాటు హవల్దార్ల చుట్టూ తిరిగి, నజరానాలు ఇచ్చి, తగువులు పడి, 1632లో వాళ్లు అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర ఒక ఫర్మానా సాధించారు. ఏడాదికి 500 వరహాలు కట్టి గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా తిజారత్ చేసుకోవచ్చన్నది అందులో షర్తు. కంపెనీవాళ్లు దాన్ని "గోల్డెన్ ఫర్మాన్" అని పిలుచుకున్నారు. మురిసిపోయారనడానికి వేరే సుబూత్ అక్కర్లేదు.

జమీన్ మీద ఇలా ఇజాజత్ అడిగి నిలబడినవాళ్లే సముద్రం మీద మరోలా ఉండేవాళ్లు. ఆ పని మొదలుపెట్టింది పుర్తగాలీలు. 16వ శతాబ్దంలో హిందూ మహాసముద్రంలో నడిచే ప్రతి నావా తమ దగ్గర "కర్తాజ్" అనే చీటీ కొనాలన్నారు. అది లేని నావ దొరికితే సరుకు, నావ రెండూ జప్తు. అక్బర్ బాద్షా సొంత మేనత్త గుల్బదన్ బేగం హజ్‌కు బయలుదేరి ఆ చీటీ కోసం సూరత్‌లో దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చింది. ఆ చీటీ మీద మర్యం, ఈసా (అలై.) తస్వీర్లు ముద్రించి ఉంటాయి కాబట్టి, ఖుష్కీ దారి చూస్తే ఖిజిల్‌బాష్‌ల ఇలాఖా కాబట్టి, హజ్ ఫర్జ్ కాదని మఖ్దూముల్ ముల్క్ ఫత్వా ఇచ్చినట్టు బదాయూనీ రాశాడు. ఒక చీటీ హజ్ మసలాలోకి కూడా చొరబడిందన్న మాట.

తర్వాత డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అదే పాఠం నేర్చుకున్నారు. బందరు నుంచి ఎర్ర సముద్రానికి, ఆచే వైపుకు వెళ్లే మన సౌదాగర్ల నావలు వాళ్ల పాసులు పట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. రేవులో ఫర్మానా కోసం సలాం కొట్టిన మెహమాన్, రేవు దాటగానే మేజ్బాన్‌కే చీటీ రాసిచ్చేవాడు. దావత్‌నామా తవారీఖ్‌లో మలుపు ఇక్కడే ఉందని నా ఖయాల్. అమాన్ అంటే "నీకేమైనా అయితే జిమ్మా నాది". కర్తాజ్ అంటే "ఇది లేకపోతే నీకేమవుతుందో చూడు".

తర్వాతి సంగతి చాలామందికి తెలిసిందే. 1914 జంగ్‌తో సరహద్దులు బిగుసుకున్నాయి. 1920లో పారిస్‌లో నానాజాతి సమితి సభ పెట్టి పాస్‌పోర్టు పుస్తకానికి ఒకే నమూనా ఖరారు చేసింది. అదే ఏడు ఇంగ్లీషు సర్కారు హిందూస్తాన్‌లోకి వచ్చేవాళ్లకు పాస్‌పోర్టు ఖానూన్ తెచ్చింది. జంగ్ రోజులు పోయాక ఈ బంధాలన్నీ సడలుతాయని అప్పట్లో చాలామందికి ఉమ్మీద్ ఉండేది. వందేళ్లు దాటింది, ఇంకా సడలలేదు.

ఇప్పటి దావత్‌నామాలో మేజ్బాన్ రాసిచ్చేది మెహమాన్‌కు కాదు, తన హుకూమత్‌కు. ఇతను గడువు దాటి ఉండిపోడు, మీకు భారం కాడు, అని. జమానత్ ముఖం అటు తిరిగింది. ఫిఖహ్ కితాబుల్లో కఫీల్ అంటే ఇంకొకడి అప్పుకు తాను పూచీ పడేవాడు, అంటే బరువు మోసేవాడు. ఖలీజ్ దేశాల్లో కఫీల్ అనగానే కరీంనగర్, కడప ఇళ్లలో గుర్తొచ్చేది పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకునేవాడు. లఫ్జ్ అదే, మానీ తలకిందులైంది.

దీనికి మనవాళ్లే బలి అవుతున్న ఒక దారి ఉంది. నౌకరీ వీసా ఆలస్యమవుతుందని ఏజెంటు బిజినెస్ వీసా చేతిలో పెడతాడు. దానికి జత చేసిన దావత్‌నామా ఎవరో కంపెనీది, కుర్రాడు దాని పేరైనా విని ఉండడు. ఆ వీసా మీద మీటింగులకు వెళ్లొచ్చు, సరుకు చూడొచ్చు, సౌదా మాట్లాడొచ్చు. తన్‌ఖా తీసుకుని కొలువు చేయడం మాత్రం జుర్మ్. పని చేయించుకున్నవాడు జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి ఇఖామా ఉండదు, అగ్రిమెంటు ఉండదు. దఫ్తర్‌కు వెళ్తే ముందు నిలదీసేది ఇతణ్ణే.

కాబట్టి ఇంట్లో ఎవరైనా బిజినెస్ వీసా అంటే ఆ ఇన్విటేషన్ కాగితాన్ని ఒకసారి దస్తర్‌ఖాన్ మీద పరిచి అందరూ చదవండి. పిలిచింది ఎవరు, ఏ పని మీద, ఎన్ని రోజులకు, ఖర్చు ఎవరిదని రాశారు, సంతకం కింద పేరుందా. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మా అబ్బాయి మీకు తెలుసా అని అడగండి. ఏజెంటు దాన్ని చేయనివ్వకపోతే పాస్‌పోర్టు వెనక్కి తీసుకోండి.