శైలికలు: సీలియేట్ల కదలిక, ఆహార సేకరణ

చెరువు నీటి చుక్కలో ఈదే ఏకకణ జీవుల్లో ఒంటి మీద సన్నని నూగు ఉన్నవి సీలియేట్లు. ఆ నూగునే తెలుగు పాఠ్యపుస్తకాలు శైలికలు అంటాయి. బడిలో అందరికీ పరిచయమయ్యే పారమీషియం ఈ వర్గానిదే. దాని పొడవు దాదాపు పావు మిల్లీమీటరు. ఒంటి నిండా వేల శైలికలు, ఒక్కోటీ మిల్లీమీటరులో నూరో వంతు. ఈదేది వాటితోనే, తిండిని నోటికి చేర్చుకునేదీ వాటితోనే.

ఈ జీవులను మొదట చూసింది డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్. తానే అరగదీసుకున్న కటకాలతో వాన నీటినీ, మిరియాలు నానిన నీటినీ పరీక్షించి, 1676 అక్టోబరులో లండన్ రాయల్ సొసైటీకి పెద్ద ఉత్తరం రాశాడు. కొన్ని ప్రాణులకు నమ్మలేనంత సన్నని పాదాలున్నాయని అందులో వర్ణించాడు. సొసైటీకి వెంటనే నమ్మకం కుదరలేదు. మరుసటి ఏడు నవంబరులో రాబర్ట్ హుక్ మిరియాల నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి సభ్యులకు చూపించాకే సందేహం తీరింది. ఆ పాదాలకు కనురెప్ప వెంట్రుకలను తలపించే లాటిన్ పేరు 1786లో, డెన్మార్క్ ప్రకృతివేత్త ఒ. ఎఫ్. ముల్లర్ మరణానంతరం వెలువడిన గ్రంథంతో వచ్చింది.

కదలిక కంటికి కనిపిస్తుంది. తిండి సంగతే చాలాకాలం తికమక పెట్టింది. బెర్లిన్ శాస్త్రవేత్త ఎరెన్‌బర్గ్ నీలిమందు, కార్మైన్ రంగు పొడులను నీటిలో కలిపి ఈ జీవులకు పెట్టాడు. శైలికల సుడిలో కొట్టుకొచ్చిన రంగు నోట్లోకి పోయి, లోపల గుండ్రని మచ్చలుగా పేరుకుంది. ఒక్కో మచ్చా ఒక్కో పొట్ట అనుకుని, 1838 నాటి బృహద్గ్రంథంలో వీటికి అనేక ఉదరాలను అంటగట్టాడు. ప్రయోగం అద్భుతం, తీర్మానం తప్పు. అవి పొట్టలు కావనీ, లోపలి జిగురు పదార్థంలో అప్పటికప్పుడు ఏర్పడే బుడగలేననీ ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ దుజార్దాఁ వాదించాడు. నేడు వాటినే ఆహార రిక్తికలు అంటున్నాం. పారమీషియంలో నోటిగాడి శైలికలు బాక్టీరియాను లోపలికి నెడతాయి. నోటి అడుగున రిక్తిక ఊడి, కణమంతా తిరుగుతూ తిండిని అరిగిస్తుంది.

అన్ని సీలియేట్లదీ ఒకే పద్ధతి కాదు. వర్టిసెల్లా కాడతో అంటుకుని కూర్చుని, అంచు చుట్టూ ఉన్న శైలికలతో నీటిలో సుడి లేపి తిండిని తన దగ్గరికే రప్పించుకుంటుంది. యూప్లోటిస్‌లో శైలికలు గుత్తులుగా కలిసి కాళ్లలా పనిచేస్తాయి. వాటితో అది ఆకుల మీద నడుస్తుంది. డిడీనియం శైలికలతో ఈదుతూ వెళ్లి ఏకంగా పారమీషియంనే మింగుతుంది.

ఇంత చిన్న ప్రాణికి నీటి చిక్కదనమే పెద్ద అడ్డంకి. ఊపు ఆపిన మరుక్షణం కదలక నిలిచిపోతుంది. పోతున్న వేగంతో ఇంకాస్త జారడం ఉండదు. కాబట్టి ముందుకూ వెనక్కూ ఒకేలా ఊపితే ఎంత పోయిందో అంత తిరిగొస్తుంది. అందుకే శైలిక తోసేటప్పుడు నిటారుగా బిగుస్తుంది, తిరిగొచ్చేటప్పుడు వంగి ఒంటిని ఆనుకుని వస్తుంది. పక్కపక్కవి ఒకదాని వెంట ఒకటి ఊగడంతో, గాలికి వరిచేను మీద లేచే అల కనిపిస్తుంది.

దారిలో ఏదైనా తగిలితే పారమీషియం వెనక్కి వెళ్లి, కాస్త పక్కకు తిరిగి, మళ్లీ ముందుకు సాగుతుంది. అమెరికాలో హెచ్. ఎస్. జెన్నింగ్స్ 1906 నాటి పుస్తకంలో ఈ ప్రవర్తనను ఓపికగా వర్ణించాడు. దాని వెనక ఉన్న మర్మం 1969లో నైటో, ఎకర్ట్‌ల పరిశోధనతో బయటపడింది: ముందువైపు దెబ్బ తగలగానే కాల్షియం కణంలోకి చొరబడుతుంది, దాంతో శైలికల ఊపు తిరగబడుతుంది.

శైలిక లోపలి కట్టడం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాకే తెలిసింది. చుట్టూ తొమ్మిది జంట గొట్టాలు, నడుమ రెండు విడి గొట్టాలు. ఆ జంటలను ఒకదాని వెంట ఒకటి జరిపి శైలికను వంచే ప్రోటీన్‌ను ఇయన్ గిబ్బన్స్ టెట్రాహైమీనా అనే సీలియేట్ నుంచి వేరుచేశాడు. 1965లో దానికి డైనీన్ అని పేరు పెట్టారు. మనిషి శ్వాసనాళంలో కఫాన్ని పైకి తోసే శైలికలను ఊపేదీ ఆ ప్రోటీన్ కుటుంబమే. చిన్ననాటి నుంచీ దగ్గు వదలని కొందరు రోగుల శైలికల్లో, జంట గొట్టాలను జరిపే డైనీన్ భుజాలే లేవని 1976లో స్వీడన్ శాస్త్రవేత్త బ్యోర్న్ అఫ్జీలియస్ వెల్లడించాడు.