ఒకే జిల్లా, ఒకే రైలు లైను, మూడు పన్నులు

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించండి.

కిందటి సమావేశంలో టీ తాగుతూ ఒక చెల్లెమ్మ అడిగింది: "అన్నయ్యగారూ, మా అబ్బాయి జహీరాబాద్‌లో పని చేస్తున్నాడు, మా అక్క కొడుకు ఇక్కడే బీదర్‌లో. ఇద్దరికీ జీతం 24,000. మావాడికి నెలనెలా 200 కోస్తున్నారు, వాడికి పైసా కోత లేదు. కంపెనీవాళ్ళు తినేస్తున్నారా?"

లేదమ్మా, ఎవరూ తినడం లేదు. అది వృత్తి పన్ను. ఆ తేడా ఎక్కడిదో తెలియాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి.

వికారాబాద్ నుంచి పర్లీ వెళ్ళే మన లైనులో జహీరాబాద్, బీదర్, భాల్కి, ఉద్గీర్ వరుసగా వస్తాయి. 1956కు ముందు ఇవన్నీ ఒకే బీదర్ జిల్లా, హైదరాబాద్ రాష్ట్రం. అప్పుడు పన్ను తేడా మనలో మనకు కాదు, పక్కనున్న షోలాపూర్‌తో. 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చిన ఆదాయపు పన్ను బ్రిటిష్ ఇండియా వరకే. షోలాపూర్ బొంబాయి కింద ఉంది కాబట్టి అక్కడి పెద్ద వ్యాపారి పన్ను కట్టేవాడు. నిజాం సంస్థానం తన సొంత ఆదాయపు పన్ను చట్టం చేసుకున్నది 1357 ఫసలీలో, అంటే 1947-48లో. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ఆదాయపు పన్ను చట్టం హైదరాబాద్‌కూ వర్తించింది. భారం ఒక్కసారిగా మీద పడకుండా ఢిల్లీ సర్కారు అదే ఏడాది 'బి' తరగతి రాష్ట్రాలకు పన్ను రాయితీల ఉత్తర్వు ఇచ్చింది. రాయితీలు మెల్లగా తగ్గుతూ పోయాయి. ఇప్పుడు బీదర్‌కూ షోలాపూర్‌కూ ఆదాయపు పన్ను రేటు ఒకటే.

ఆ తేడా పోయింది కానీ ఇంకో తేడా వచ్చింది. ఆదాయపు పన్ను కేంద్రానిదే అయినా, వృత్తుల మీద, ఉద్యోగాల మీద పన్ను వేసుకోవచ్చని రాజ్యాంగం 276వ అధికరణం రాష్ట్రాలకు వీలిచ్చింది. ఒక మనిషి మీద ఏడాదికి 250 రూపాయలకు మించకూడదని హద్దు పెట్టింది. 1988లో 60వ సవరణతో ఆ హద్దు 2,500 అయింది. ఇప్పటికీ అంతే.

1956 నవంబరు 1న మన జిల్లాను మూడు ముక్కలు చేశారు. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, ఇప్పుడవి తెలంగాణ. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి, ఇప్పుడవి మహారాష్ట్ర. బీదర్, భాల్కి మైసూరులో కలిశాయి. మూడు రాష్ట్రాలూ తర్వాత ఎవరి వృత్తి పన్ను చట్టం వాళ్ళు చేసుకున్నాయి.

ఇప్పుడు 24,000 జీతం లెక్క చూడండి. తెలంగాణలో 20,000 దాటితే నెలకు 200, ఏడాదికి 2,400. మహారాష్ట్రలో మగవాళ్ళకు 10,000 దాటితే నెలకు 200, ఫిబ్రవరిలో 300, మొత్తం 2,500. ఆడవాళ్ళకు 25,000 దాకా లేదు. కర్ణాటకలో 2023 ఏప్రిల్ నుంచి 25,000 లోపు జీతానికి ఎవరికీ లేదు. చెల్లెమ్మ కొడుకు, అక్క కొడుకుల మధ్య తేడా ఇదే.

మేము బీదర్ నుంచి ఉద్గీర్‌కు బదిలీ అయినప్పుడు అదే రైల్వే, అదే స్కేలు. మా వృత్తి పన్ను మాత్రం బెంగళూరు ఖజానాకు బదులు ముంబై ఖజానాకు పోయింది. అక్కడి మరాఠీ పేపర్లో 'వ్యవసాయ్ కర్' అని చదివి, పాపం రైతుల మీద కూడా పన్ను వేశారే అనుకున్నాం. మరాఠీలో వ్యవసాయ్ అంటే వృత్తి అని పక్క సీటు ఆయన చెప్పి నవ్వాడు. మేము చిన్నప్పుడు విన్న 'తొళిల్ వరి', ఇక్కడి 'వృత్తి తెరిగె', అన్నీ ఇదే.

రాష్ట్రాల మధ్య తేడా ఉండటం తప్పని మేము అనం. ఎవరి ఖజానా వాళ్ళది. మాకు బాధ కలిగించేది వేరే. జహీరాబాద్‌లో 24,000 తెచ్చుకునే పిల్లవాడూ 2,40,000 తెచ్చుకునే ఆఫీసరూ కట్టేది అదే 200. ఆఫీసరుకు అది లెక్కలోకే రాదు. పిల్లవాడికి ఏడాదికి మూడు రోజుల జీతం. 1950లో కొత్త పన్ను మెల్లగా అలవాటు కావాలని రాయితీ ఇచ్చారు కదా, చిన్న జీతగాడి మీద ఆ పాటి దయ ఇప్పుడు చూపలేరా? కర్ణాటక చూపింది.

జహీరాబాద్‌లో ఓటున్న మన సభ్యులు అక్కడి ఎమ్మెల్యేగారికి ఒక అర్జీ ఇస్తే బాగుంటుంది. ముసాయిదా మేము రాస్తాం. తెలుగు మీరు దిద్దండి.