దరువు రాయబోయే కవికి

కూచిపూడి నృత్యనాటకానికి దరువు, అంటే పాట, రాయాలనుకునేవారికి ఛందస్సు తెలిస్తే సరిపోదు. ఆటలో వినిపించే కొన్ని మాటలు ఏ పని చేస్తాయో తెలియాలి.

ప్రవేశ దరువు: తెర వెనక నుంచి పాత్ర వచ్చేటప్పటి పాట. కొత్త కవికి మొదట చేయి తిరగవలసింది ఇక్కడే. వచ్చింది ఎవరు, ఏ ఠీవితో వచ్చారు, మనసులో ఏముంది, ఇవన్నీ నాలుగు పాదాల్లో తేలాలి. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, తన గొప్ప తానే చెప్పుకుంటూ వస్తుంది. కథను నడిపించబోయే అతిశయమంతా ఆ రాకలోనే ఉంది.

గతి: తాళం నడక. తిశ్రానికి మూడు, చతురశ్రానికి నాలుగు, ఖండానికి ఐదు, మిశ్రానికి ఏడు మాత్రలు. హిరణ్యకశిపుడి రాకకు ‘అడుగో దనుజులకధిపతి వచ్చెను’ అని రాశామనుకోండి. నాలుగేసి మాత్రల గణాలు నాలుగు. ఆదితాళంలో క్రియకు, అంటే చేతి ఒక్కో కదలికకు, రెండేసి మాత్రల చొప్పున లెక్క సరిపోయింది. పాడి చూస్తే మాత్రం తాళం రెండో సగం మొదలయ్యే ద్రుతం మొదటి దెబ్బ ‘కధిపతి’లోని ‘క’ మీద పడి మాట విరిగిపోతుంది. ‘అడుగో దనుజుల నాథుడు వచ్చెను’ అంటే మాత్రలు అవే, మాట విరగదు. ‘నా’ దీర్ఘం మీద గాయకుడికి రాగం సాగదీసే వీలు, నటుడికి మీసం దువ్వే వ్యవధి దొరుకుతాయి. ‘వచ్చెను’లోని ద్విత్వం కాలి దెబ్బకు కుదురుతుంది. అందుకే రాసిన ప్రతి పాదాన్నీ చేత్తో తాళం వేస్తూ గొంతెత్తి చదవాలి.

సంచారి: గాయకుడు ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడుతుంటే, నర్తకి ప్రతిసారీ కొత్త భావం చూపించే చోటు. పల్లవిలో అంతా చెప్పేస్తే ఆమెకు చూపడానికి ఏం మిగులుతుంది? విశేషణాలు దట్టించకండి. కాగితం మీద కాస్త పలచగా కనిపించే పల్లవే రంగస్థలం మీద నిలుస్తుందని నా గట్టి నమ్మకం.

సంధివచనం: దరువుకీ దరువుకీ నడుమ కథను కలిపే వచనం. క్లుప్తంగా ఉంటే చాలు.

నట్టువాంగం: తాళాలు పట్టి, జతులు చెబుతూ ఆట నడిపే పని. ఆ తాళాలు పట్టినవారి పక్కన కూర్చోకుండా ఈ రచన పట్టుబడదు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం నృత్యనాటకాలకు ఎస్.వి. భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం తోడయ్యాయి. నాట్యం, మాట, స్వరం మూడూ తెలిసినవారు కలిస్తేనే అలాంటి పని సాగుతుంది. మీరు మాత్రం పూర్తి నాటకం భుజాన వేసుకోకండి. ఒక్క ప్రవేశ దరువు రాసి, దగ్గర్లో ఉన్న కూచిపూడి గురువుగారికి వినిపించండి. ఆడించి చూసి ఆయన ఏ పాదం దగ్గర ఆగితే, ఆ పాదం మళ్లీ రాయండి.