చాకు అలుగుపై గీతలు: మెఱుగుపెట్టుటయు, చరిత్ర సాక్ష్యమును

సంస్కృతమున 'లిఖ్' ధాతువునకు గీఱుట యనునది మొదటి యర్థము. వ్రాయుట యను నర్థము దానినుండి పుట్టినది. తాటాకుపై గంటముతో వ్రాసిన మన పూర్వులకు ఈ రెండర్థములకు నడుమ భేదము లేదు. ఆకుపై గంటము గీచిన గీతయే యక్షరము. ఆ గీతలో మసి పూసినప్పుడది కంటికి స్పష్టముగా కనబడును. అట్టి గీతలను మనము భక్తితో చదువుచున్నాము, ప్రతులు వ్రాసికొనుచున్నాము, పాఠభేదములను గుర్తించుచున్నాము. ఆకును తీర్చిన కత్తి, కలమును చెక్కిన చాకు మనచేతికి దొరకినప్పుడు మాత్రము, వానిపైనున్న గీతలను దోషములుగా నెంచి, ఏ సానచక్రము కడకో పంపి తుడిపించుచున్నాము. పాత చాకు అలుగుపై గీతలు తీసి మెఱుగుపెట్టుట ఒక విధమైన పాఠపరిష్కరణమనియు, పరిష్కర్తకు మనము విధించు నియమములు మెఱుగుపెట్టువానికిని వర్తింపవలెననియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా మాటలను పరిశీలింతము. చాకు అను మాట పారసీకమునుండి హిందూస్తానీ ద్వారమున తెలుగునకు వచ్చినది. మడిచి జేబులో నుంచుకొనదగిన చిన్నకత్తికి ఆ పేరు స్థిరపడినది. పిడి పోగా మిగిలిన లోహఫలకము అలుగు. దాని తెగు నంచు వాదర. సాన యనునది సంస్కృత 'శాణ' శబ్దమునుండి యేర్పడినది. కత్తులకు మెఱుగుపెట్టి జీవించువారికి ఉత్తర హిందూస్థానమునను, దక్కనునను 'సికిల్‌గర్' అను పేరు కలదు; దానికి మూలమైన అరబ్బీ పదము 'సైకల్' మెఱుగును తెలుపునది. పదును వేఱు, మెఱుగు వేఱు. సాన మొదటిదానిని వాదరకిచ్చును. సైకల్ రెండవదానిని అలుగు ముఖమునకిచ్చును. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థన.

ఈ పనికి వాడు రాతిపొడి చరిత్రయు మనకు సన్నిహితమైనదే. ఆంగ్లమున 'కొరండం' అని పిలువబడు ఖనిజమునకు ఆ పేరు దక్షిణదేశమునుండియే పోయినది. తమిళమున అది కురుందము, సంస్కృతాంధ్రములందు కురువిందము. మన సానవాండ్రు దీని పొడిని లక్కతో కలిపి చక్రములుగా పోసికొనెడివారు. చార్లెస్ గ్రెవిల్ అను నాంగ్లేయుడు 1798లో లండన్ రాయల్ సొసైటీ పత్రికయందు ఆసియాఖండపు కురువిందమునుగూర్చి వ్యాసము ప్రకటించెను. 1891లో అమెరికా దేశమున ఎడ్వర్డ్ ఆచెసన్ విద్యుత్తు కొలిమిలో ఒక క్రొత్త కఠినపదార్థమును సాధించి, అది కార్బన్, కొరండముల సమ్మేళనమని భ్రమించి 'కార్బొరండం' అని పేరు పెట్టెను. నిజమునకది సిలికాన్ కార్బైడు. పొరపాటు తెలిసిన పిమ్మటను పేరు మాఱలేదు. నేడు బజారులో కార్బొరండం చక్రము నడుగువాడు తనకు తెలియకయే దక్షిణాపథపు పాతమాటను పలుకుచున్నాడు. ఆ పేరును ఎవరైన 'శుద్ధి' చేసియున్నచో, ఆచెసన్ ఏమని భ్రమించెనో పేరునుబట్టి తెలిసికొను నవకాశము మనకు మిగిలెడిది కాదు. గీతలును ఇట్టివే.

ఇక మెఱుగు అనగా నేమి? గీత ఉక్కు ముఖమునందలి యొక పల్లము. పల్లమును పూడ్చుట ఎవరికిని సాధ్యము కాదు. గీతను తీయవలెనన్నచో చుట్టునున్న తలమునంతను ఆ పల్లపు అడుగువఱకు దింపవలెను. ఒక్క లోతైన గీతకొఱకు అలుగు ముఖమంతయు లోహమును కోల్పోవును. ఆ దింపుటకు వాడిన ముతకపొడి తన గీతలను తాను మిగుల్చును. వానిని తీయుటకు అంతకంటె సన్ననిపొడి, దాని గీతలకు మఱింత సన్ననిది వలయును. చివరకు గీతలు కంటికందనంత సూక్ష్మములైనప్పుడు దానిని మెఱుగు అందుము. న్యూటన్ 1704లో ప్రకటించిన 'ఆప్టిక్స్' గ్రంథమున గాజును మెఱుగుపెట్టుటను ఈ విధముగానే వివరించెను: గీతలు నశింపవు, కనబడనంత చిన్నవి యగును. జార్జి బైల్బీ 1921 నాటి తన గ్రంథమున దీనికి భిన్నముగా, రాపిడివలన తలమందలి లోహము ద్రవమువలె ప్రసరించి గీతలను కప్పునని వాదించెను. కాని 20వ శతాబ్ది ఉత్తరార్ధమున జరిగిన సూక్ష్మదర్శినీ పరిశీలనములు, సన్ననిపొడి కూడ కోయుచునే మెఱుగుపెట్టునని చూపి, న్యూటన్ పక్షమునే బలపఱచినవి. కావున మెఱుగనగా పాత గీతల స్థానమున క్రొత్త గీతలను వ్రాయుటయే. ఒక హస్తలేఖను తుడిచి దానిపై మఱియొకరు వ్రాసినట్లిది.

ఈ వ్రాత తెలుగుదేశపు ఉక్కు విషయమున విశేషప్రాముఖ్యము వహించుచున్నది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము మూసలలో కరగించిన ఉక్కునకు ప్రసిద్ధమైన గ్రామము. భూగర్భశాస్త్రజ్ఞుడు, వైద్యుడు నైన హెన్రీ వాయిసీ అచటి పనిని స్వయముగా చూచి వ్రాసికొన్న వర్ణనము, ఆయన 1824లో మరణించిన పిమ్మట, 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఉక్కు కొనుటకు ఇస్ఫహానునుండి వచ్చిన వర్తకు నొకనిని ఆయన అచట చూచెను. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు విద్యాసంస్థల పరిశోధకులు ఉత్తర తెలంగాణమున క్షేత్రపరిశోధన జరిపి ఇట్టి పరిశ్రమల యవశేషములను నమోదు చేసిరి. ఐరోపావారు 'వూట్జ్' అని వ్రాసిన మాట మన 'ఉక్కు'నకు వికృతరూపమని పెక్కురు పండితుల మతము.

ఆ ఉక్కుతో చేసిన యొక చిన్నకత్తి శాస్త్రచరిత్రలో నిలిచినది. బొంబాయినుండి లండనుకు పంపబడిన వూట్జ్ ఖండములను జార్జి పియర్సన్ పరీక్షించి 1795లో రాయల్ సొసైటీ పత్రికయందు వ్యాసము వ్రాసెను. సొసైటీ అధ్యక్షుని కోరికపై జేమ్స్ స్టోడార్ట్ అను కత్తులపనివాడు ఆ ఉక్కును చీకటిలో మాత్రమే గుర్తింపదగిన మందమైన యెఱ్ఱవేడిలో సాగగొట్టి, కలములు చెక్కు చాకు నొకదానిని చేసెననియు, దాని వాదర శ్రేష్ఠమైన ఉక్కుకత్తులకు తీసిపోలేదనియు అందు చెప్పబడినది. పిమ్మట ఆ స్టోడార్టే యువకుడైన మైకేల్ ఫారడేతో కలసి ఉక్కు మిశ్రమములపై ప్రయోగములు చేసి, 1820, 1822 సంవత్సరములలో ఫలితములు ప్రకటించెను.

ఇట్టి ఉక్కున కర్బనము మిక్కుటము. దానిలో కొంత ఇనుముతో కూడి మిక్కిలి కఠినమైన కణములై, వరుసలుగా ఏర్పడును. నీటి యలలవలె కనబడు ఆ చాఱలే ఈ కత్తుల కీర్తికి మూలము. అలుగును అద్దమువలె మెఱుగుపెట్టినచో చాఱలు కంటికి మఱుగుపడును. అన్నభేది వంటి లవణద్రావణముతోనో, పలుచని యామ్లముతోనో తడిపినప్పుడు, చుట్టునున్న లోహము నల్లబడి కఠినకణములు తెల్లగా నిలిచి, చాఱలు మరల పైకి వచ్చును. పూర్వపు పనివాండ్రు మెఱుగుపెట్టిన పిమ్మట ఈ పని చేసెడివారు. షెఫీల్డు వాసియైన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1863లో ఉక్కు తలమును మెఱుగుపెట్టి, ఆమ్లముతో తడిపి, సూక్ష్మదర్శినిలో చూచి లోహనిర్మాణశాస్త్రమునకు పునాది వేసెను. ఇరువురును మెఱుగుపెట్టినది చదువుటకే గాని దాచుటకు కాదు. ద్రావణపు పని యెఱుగక మెఱుగుతోనే నిలిచిపోయిన చోట, సామాన్యపు ఇనుపకత్తికిని, కోనసముద్రపు ఉక్కునకును భేదము కనబడదు.

చాఱలు లేని సామాన్యపు చాకుపైనను చదువదగినది కలదు. చాకును తెఱచి మూయునప్పుడు పిడిలో చిక్కిన ఇసుకరేణువు అలుగు ప్రక్కలపై గీత గీయును. ఆ గీత సరళరేఖ కాదు. చీల కేంద్రముగా తిరిగిన చాపరేఖ. అట్టివి పెక్కులున్నచో ఆ చాకు బహుకాలము జేబులోనుండి, పలుమాఱులు తెఱువబడి మూయబడినదని గ్రహింపవచ్చును. వాదర యొద్ద మాత్రమే ఏటవాలుగా నున్న సన్నని గీతలు చేతిరాతిపై నూరిన గుర్తులు. వెన్నునుండి వాదరవఱకు ఒకే తీరున అడ్డముగా నున్నవి చక్రపు గుర్తులు. ఒక గీత మఱియొకదానిని ఖండించినచో ఖండించినదే తరువాతిది. తాళపత్రమున మొదటి లేఖకుని హస్తమును, దిద్దినవాని హస్తమును వేఱుపఱచు పద్ధతికిని దీనికిని భేదమేమి? వాదర నడుమ అరిగి లోపలికి వంగినచో దానివలనను పని తెలియును. ఇవి యన్నియు ఒక్క నిమిషపు చక్రభ్రమణమున నశించును.

ఇది నేను పుస్తకములవలన నేర్చినది కాదు; చేసిన తప్పువలన నేర్చినది. మా ముత్తాతగారు ఉత్తర తెలంగాణమున నొక గ్రామమునకు పట్వారీగా నుండిరి. ఆయన కలములు చెక్కుకొన్న చాకు మా ఇంట దస్త్రములతోపాటు మిగిలినది. అలుగు నల్లబడి, గీతలతో నిండి, అచ్చటచ్చట తుప్పు పట్టియుండెను. చీల దగ్గఱ రెండక్షరములు చెక్కబడియుండుట గోటితో తడవినప్పుడు తెలియుచుండెను. నేను పరిశోధక విద్యార్థిగా నున్న దినములలో దానిని శుభ్రపఱుపవలెనని బుద్ధి పుట్టి, పట్టణమున సానచక్రము త్రిప్పు నొక వృద్ధుని కడకు కొనిపోతిని. ఆయన దానిని వెలుతురున అటునిటు త్రిప్పి చూచి, "బాబూ, నీకు పదును కావాల్నా, తళతళ కావాల్నా?" అని యడిగెను. నేను ఆ ప్రశ్నలోని వివేకమును గ్రహింపక, రెండును కావలెనంటిని. ఆయన చెప్పినట్లే చేసెను. చాకు అద్దమువలె మెఱసినది. అక్షరములు లేవు.

ఆ రెండక్షరములను నేను అంతకుముందు కాగితముపై నెత్తి వ్రాసికొనలేదు. వానిలో మొదటిది 'కో' యని నా జ్ఞాపకము ఇప్పుడు చెప్పజూచును. కాని నాకు కోనసముద్రమనిన ప్రీతి కలదు. ప్రీతి గలవాని జ్ఞాపకము సాక్ష్యముగా చెల్లదు. ద్రావణముతో తడిపి చాఱలకొఱకు వెదకితిని, కనబడలేదు. తొలినుండియు లేవో, చక్రపు వేడిమివలన పాడైనవో చెప్పజాలను. చక్రమున నీరు లేక పట్టినప్పుడు పలుచని అలుగు క్షణములో నీలివర్ణము దాల్చును. అనగా సుమారు 300 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి చేరి, దాని కాఠిన్యము తగ్గినదని గుర్తు. నా చాకు వాదర చివర అట్టి నీలిమచ్చ నేటికిని కలదు. ఈ చాకునుగూర్చి నేను వ్రాయగలిగియుండిన వ్యాసము వేఱు, వ్రాయుచున్నది వేఱు. దోషము ఆ వృద్ధునిది కాదు. ఆయన అడిగెను, నేను సరిగా బదులు చెప్పలేదు.

ఇంతమాత్రముచేత పాతకత్తులను తుప్పునకు విడిచిపెట్టవలెనని నా యభిప్రాయము కాదు. తుప్పు కూడ చెరుపునదే, తాళపత్రమునకు పురుగువంటిది. పనికి వాడు చాకునకు పదును పెట్టక తప్పదు. గీతలు బాధించినచో తీయవచ్చును. చరిత్ర సాక్ష్యముగా నెన్నదగిన దానికి మాత్రము క్రమము వేఱు. మొదట ప్రక్కవాటు వెలుతురున రెండు ముఖములకును ఛాయాచిత్రము తీయవలెను. పొడవును, వెడల్పును, వెన్నుమందమును, తూకమును వ్రాసికొనవలెను. అక్షరములుగాని ముద్రగాని యున్నచో పలుచని కాగితముంచి సీసపుకడ్డీతో రుద్ది ప్రతి యెత్తవలెను. పిమ్మట నూనె పూసి, మెత్తని కొయ్యపుల్లతో, ఊడివచ్చు తుప్పును మాత్రము తీయవలెను. అంతకుమించిన పని అవసరమైనచో చేతితో, నిలువున, మిక్కిలి సన్ననిపొడితో, చీల ప్రాంతమును ముట్టక చేయవలెను. చక్రము కూడదు. చేసిన పనిని తేదీతో వ్రాసియుంచవలెను. లేనిచో మన గీతలను రేపటివారు పూర్వుల గీతలని చదువుదురు.

సి. పి. బ్రౌను కడపయందు పండితులచేత ప్రతులను సరిపోల్చజేసి శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి ఈ పత్రికా పాఠకులకు తెలిసినదే. ఆ దిద్దుబాట్లలో కొన్నింటిని నేడు మన మంగీకరింపకపోవచ్చును. అంగీకరింపకుండుట సాధ్యమగుచున్నదన్నచో కారణము, ఆయన సేకరించిన మాతృకలలో పెక్కు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నిలిచియుండుటయే. దిద్దినది తప్పైనను, దిద్దకముందున్నది మిగిలినచో తప్పును సవరింపవచ్చును. ఉక్కు విషయమున మాతృకయు, ప్రతియు ఒక్కటే. దానిని దిద్దిన పిమ్మట పోల్చి చూచుటకు వేఱొకటి లేదు.

మన పరిశోధక విద్యార్థులు తాళపత్రములకై గ్రామములకు పోవుచునే యున్నారు. ఆ పెట్టెలలో ఆకుకట్టలతోపాటు గంటములు, చిన్నకత్తులు, చాకులు కూడ కనబడును. ఇంటివారు వానిని తుడిచి మెఱయించి యిత్తుమని మర్యాదకొఱకు చెప్పుదురు. వద్దని వినయముగా వారించి, ఉన్నది ఉన్నట్లుగా చూపుడని కోరవలెను. నా చాకు ఇప్పుడు నా బల్లపై నున్నది. దానిపై నేను వాడగా పడిన గీతలు తప్ప వేఱొకటి చదువుటకు లేదు.