ఆగే నిప్పు, ఆగని నిప్పు

‘ఇంధనం’ అన్న మాట ‘ఇంధ్’ ధాతువు నుండి పుట్టినది. రగిలించడం దాని అర్థం. రగిలించడమే గాని ఆర్పడం ఆ ధాతువులో లేదు. మనుషులను అంతరిక్షానికి మోసుకుపోయే రాకెట్ల చరిత్ర చదువుతున్నప్పుడు ఈ సంగతి పదేపదే జ్ఞాపకం వస్తుంది. రగిలించడం మనిషి త్వరగానే నేర్చుకున్నాడు. చిక్కంతా ఆర్పడం దగ్గరే వచ్చినది.

నేలను విడిచే తొలి నిమిషాలలో రాకెట్టుకు అధిక బలమిచ్చే భాగాన్ని బూస్టరంటారు. ఇవి ముఖ్యంగా రెండు జాతులు. ఘన ఇంధన బూస్టరు మన దీపావళి తారాజువ్వకు పెద్దన్న. ఇంధనాన్నీ, దానికి ప్రాణవాయువునందించే రసాయనాన్నీ కలిపి, రబ్బరువలె గట్టిపడేట్లు గొట్టంలో పోతపోస్తారు. దీనికి ఇంధనపు ట్యాంకులు లేవు, వాటిని తోడే పంపులు లేవు. చెడిపోవడానికి భాగాలే తక్కువ. అయితే ఒకసారి అంటుకున్నదంటే పూర్తిగా కాలేదాకా ఎవరి మాటా వినదు. ద్రవ ఇంధన బూస్టరు వంటింటి గ్యాసు పొయ్యి వంటిది. ట్యాంకులు, పంపులు, గొట్టాలు, కవాటాలు ఎన్నో ఉంటాయి. ఏది ఎక్కడ మొరాయిస్తుందో చెప్పలేము. కానీ కవాటం మూస్తే మంట ఆగుతుంది.

1961 ఏప్రిల్ 12న గగారిన్‌ను మోసిన రాకెట్టు ద్రవ ఇంధనానిదే. చంద్రునిపై నడిచినవారిని మోసిన శాటర్న్-5 కూడా అంతే. 1972 మార్చిలో నాసా తన స్పేస్ షటిల్‌కు ఘన ఇంధన బూస్టర్లను ఎంచుకున్నది. వాటిని రూపొందించడానికయ్యే వ్యయం తక్కువన్నది అందుకు ముఖ్య కారణం. గగారిన్ యాత్రకు సరిగ్గా ఇరవై యేండ్లు నిండిన దినాన, 1981 ఏప్రిల్ 12న, కొలంబియా షటిల్ ఇద్దరు వ్యోమగాములతో లేచినది. దాని రెండు బూస్టర్లు ఒక్కొక్కటి సుమారు 590 టన్నుల బరువు. అవి రెండు నిమిషాలపాటు మండుతాయి. ఆ రెండు నిమిషాలూ వాటినుండి విడివడే దారి షటిల్‌కు లేదు. తొలి నాలుగు యాత్రలలో ఇద్దరికీ బయటికి ఎగసిపడే ఆసనాలుండేవి. తరువాత అవి కూడా తీసివేయబడినాయి.

షటిల్ లేచే వరుసలోనే ఈ రెండు నిప్పుల భేదం కనబడుతుంది. మొదట దాని మూడు ద్రవ ఇంధన యంత్రాలను ఆరున్నర సెకన్ల ముందుగా వెలిగించేవారు. కంప్యూటర్లు వాటిని పరీక్షించి, బాగున్నవన్న తరువాతనే ఘన బూస్టర్లను ముట్టించేవారు. 1984 జూన్ 26న డిస్కవరీలో దోషం కనబడగా యంత్రాలు ఆగిపోయినాయి. వ్యోమగాములు క్షేమంగా దిగివచ్చారు. 1985 జులై 29న చాలెంజర్ యంత్రాలలో ఒకటి నడిమధ్యలో ఆగినా, మిగిలిన రెండింటితో షటిల్ కక్ష్యను చేరినది. ఘన బూస్టరు ఇటువంటి రెండవ అవకాశం ఇవ్వదు.

ఆరు నెలలు గడిచేసరికి ఆ చాలెంజర్‌కే ఆ సంగతి ఎదురైనది. బూస్టర్లు యూటాలో ఖండాలుగా తయారై రైలుమీద ఫ్లోరిడాకు వచ్చేవి. ఖండాల అతుకులలో వేడి వాయువు బయటపడకుండా ఓ-రింగులనే రబ్బరు వలయాలుండేవి. చలికి అవి బిగుసుకుపోతాయి. 1986 జనవరి 27 రాత్రి, తయారీ సంస్థ ఇంజనీర్లు 12 డిగ్రీల సెల్సియస్‌కన్నా చల్లగా ఉంటే ప్రయోగించవద్దని టెలిఫోను సమావేశంలో వాదించారు. నాసా అధికారులు అసంతృప్తి తెలుపగా, ఆ సంస్థ యాజమాన్యం తన ఇంజనీర్ల మాటను కాదని అనుమతి ఇచ్చినది. మరునాడు ప్రయోగవేళ ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. కుడి బూస్టరు అతుకు నుండి వెలువడిన మంట పక్కనున్న పెద్ద ట్యాంకును తాకినది. 73వ సెకనున షటిల్ ఛిన్నాభిన్నమైనది. ఏడుగురు మరణించారు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ బడిపంతులమ్మ. అంతరిక్షం నుండి పిల్లలకు రెండు పాఠాలు చెప్పవలసి ఉన్నది. ఆ ఫిబ్రవరిలో శాస్త్రవేత్త ఫైన్‌మన్ విచారణ సంఘం ఎదుట ఆ రబ్బరు ముక్కను గ్లాసెడు మంచునీళ్ళలో ముంచి, అది సాగే గుణాన్ని కోల్పోవడం అందరికీ చూపించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అయితే దోషమంతా ఘన ఇంధనానిదేనా? 1983 సెప్టెంబరు 26 రాత్రి బైకనూరులో ద్రవ ఇంధన సోయజ్ రాకెట్టు లేవకమునుపే అంటుకున్నది. తీగలు కాలిపోవడంతో కేంద్రం నుండి రేడియో ఆజ్ఞ పంపవలసి వచ్చినది. శిఖరాన ఉన్న రక్షక గోపురం వ్యోమగాములు తితోవ్, స్త్రెకలోవ్‌లున్న గదిని లాగుకొని ఎగిరిపోయినది. కొద్ది సెకన్లలో రాకెట్టు పేలిపోయినది. ఇద్దరూ బ్రతికారు. వారిని లాగిన ఆ గోపురంలోనిది ఘన ఇంధనమే! క్షణంలో అంటుకొని, అడగగానే బలమంతా ఇచ్చే గుణం దానికే ఉన్నది. ఒకచోట ప్రాణం తీసిన గుణమే ఇంకొకచోట ప్రాణం పోసినది.

చాలెంజర్ తరువాత అతుకులను మార్చి, మూడవ వలయం చేర్చారు. 1988 నుండి 2011 దాకా సాగిన 110 షటిల్ యాత్రలలో ఏ బూస్టరూ ప్రమాదం తేలేదు. 2003లో కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా ప్రమాదానికి మూలం ద్రవ ఇంధనపు ట్యాంకు మీది నురుగు తొడుగు ఊడి రెక్కకు తగలడం. కాబట్టి ‘ఇది మంచిది, అది చెడ్డది’ అని తీర్పు చెప్పడం తగదు.

ఐనా ఒక భేదం మిగిలే ఉన్నది. ద్రవ ఇంధనంలో ‘ఆపు’ అన్నది యంత్రంలో ఉంటుంది. ఘన ఇంధనంలో అది ముట్టించడానికి ముందు మనిషి నోట మాత్రమే ఉంటుంది. ఆ మాట పెడచెవిని పెడితే ఇక మిగిలేది తప్పించుకొనే దారి ఒక్కటే. ఆ దారి కూడా సులువు కాదు. 1997 జనవరి 17న మనుషులు లేని డెల్టా-2 రాకెట్టు, ఘన మోటారు దోషంవల్ల 13 సెకన్లకే పేలి, మండే ముక్కలను నలుదెసలా కురిపించినది. అటువంటి నిప్పులవానలో పారాచూట్లు నిలుస్తాయా అన్న ప్రశ్న తప్పదు.

ఈ ప్రశ్న మన గడపలోనే ఉన్నది. గగన్‌యాన్‌కు ఎంచుకున్న ఎల్‌వీఎం-3 రాకెట్టుకు ఇరువైపులా ఘన బూస్టర్లే. ఒక్కొక్కదానిలో సుమారు 200 టన్నుల ఇంధనం; దానిని పోతపోసేది శ్రీహరికోటలోనే. మనుషుల కోసం దిద్దిన బూస్టరును 2022 మే 13న అక్కడే నేలమీద మండించి చూశారు. తప్పించే ఏర్పాటును 2018 జులై 5న నేలమీది నుండి, 2023 అక్టోబరు 21న ఎగురుతున్న రాకెట్టు మీది నుండి పరీక్షించారు. మనిషిని పంపకముందే పారిపోయే త్రోవ చూసుకోవడం పిరికితనం కాదు, వివేకం.

ఇక మిగిలినది ఆ మనిషి మాట. వత్తి ముట్టించే ముందు చిన్న ఉద్యోగి ఒకడు లేచి ‘వద్దు’ అంటే, వినే ఓపిక పైవారికి ఉండాలి. ఆగని నిప్పుకు అంతకుమించిన కవాటం లేదు.