మొక్కకు నీరెంత? ఆహారమేమి?

ఆరుబయట పెరుగు మొక్కకు ఆకాశము నీరిచ్చును, నేల ఆహారమిచ్చును. పైపొరలో తడి చాలకున్నచో వేరు మరికొంత లోతునకు పోయి వెదకుకొనును. హరితగృహములో, అనగా అద్దాల ఇంటిలో, కుండీలో నాటిన మొక్కకు ఈ స్వేచ్ఛ లేదు. పైనున్న అద్దపు కప్పు వానను ఆపివేయును. కుండీ గోడను దాటి వేరు పోజాలదు. నీరైనను, ఎరువైనను మనిషి చేతినుండియే రావలెను. చేయి మరచినచో మొక్క ఎండును. చేయి మించినచో కుళ్ళును. కావున ఎంత నీరు పోయవలెను, ఏ ఆహారము పెట్టవలెను అను ప్రశ్నలు హరితగృహమంత పాతవి. వానికి సరియైన సమాధానము కూడుటకు మాత్రము సుమారు 300 సంవత్సరములు పట్టినది.

క్రీస్తుశకము మొదటి శతాబ్దములో రోము చక్రవర్తి టిబీరియసు భోజనమునకు ఏడాది పొడవునా దోసకాయలు కావలసియుండెను. ఆయన తోటమాలులు చక్రములుగల మళ్ళలో తీగలను పెంచి పగలు ఎండలోనికి లాగుచుండిరి. చలికాలమున కాంతి చొరబడు పలుచని రాతిపలకల చట్రముల క్రిందికి చేర్చుచుండిరి. ఈ సంగతిని ప్లీనీ వ్రాసియుంచెను. 17వ శతాబ్దమున ఐరోపా ప్రభువులు నారింజ చెట్లను మంచునుండి కాపాడుటకు పెద్ద భవనములు కట్టించిరి. 1845లో బ్రిటనులో గాజుపై పన్ను రద్దయిన పిదప అద్దములు చవుకై, సామాన్య గృహస్థు పెరటిలో కూడ చిన్న హరితగృహము వెలిసెను. కట్టడము చవుకయ్యెను గాని, లోపలి మొక్కను బ్రతికించు విద్య అప్పటికింకను పూర్తికాలేదు.

త్రాసు ఎక్కిన విల్లో చెట్టు

ఈ విద్యలో మొదటి పెద్ద ప్రయోగము బ్రస్సెల్స్ వైద్యుడు వాన్ హెల్మాంట్ చేసినది. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1648లో, ఆయన కుమారుడు దానిని ప్రకటించెను. హెల్మాంట్ ఎండబెట్టిన మన్ను 200 పౌనులు ఒక తొట్టిలో పోసి, 5 పౌనుల బరువుగల విల్లో మొక్కను నాటెను. దుమ్ము పడకుండ తొట్టికి రంధ్రములుగల మూత పెట్టెను. వాననీరు, అది లేనప్పుడు బట్టిపట్టిన నీరు మాత్రమే పోసెను. ఐదు సంవత్సరముల పిదప చెట్టు 169 పౌనులకు పైగా తూగెను. మన్నును మరల ఎండబెట్టి తూచగా తగ్గినది సుమారు రెండు ఔన్సులే! చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తేల్చెను.

తూనిక సరియైనదే, తీర్పు తప్పినది. త్రాసులో ఎక్కని గాలిని ఆయన లెక్కలోనికి తీసుకొనలేదు. విచిత్రమేమనగా, "గ్యాస్" అను మాటను శాస్త్రమునకు ఇచ్చినవాడు ఆ హెల్మాంటే. బొగ్గు కాలునప్పుడు వెలువడు వాయువును గుర్తించినవాడు కూడ ఆయనయే. తన చెట్టు ఆ వాయువునే తినుచున్నదని ఆయనకు తోచలేదు. మన్నులో తగ్గిన ఆ రెండు ఔన్సులను కూడ ఆయన లెక్కింపదగినవిగా తలచలేదు. తరువాతి వారి పని అంతయు ఈ రెండు లోపములను పూరించుటయే.

మురికినీటి మేలు

1699లో ఇంగ్లాండుకు చెందిన జాన్ వుడ్వర్డ్ తన ప్రయోగములను ప్రకటించెను. ఆయన పుదీనా జాతి మొక్కలను మన్ను లేకుండ సీసాలలోని నీటిలో పెంచెను. ఒకదానికి వాననీరు, మరియొకదానికి థేమ్స్ నది నీరు, ఇంకొకదానికి తోటమన్ను కలిపిన నీరు పెట్టెను. నీరే ఆహారమైనచో అన్నియు సమముగా పెరుగవలెను. అట్లు జరుగలేదు. వాననీటిలోని మొక్క కొద్దిగా పెరిగెను. నదినీటిలోనిది అంతకంటె బాగుగా పెరిగెను. మన్ను కలిపిన నీటిలోనిది అన్నిటిని మించెను. అనగా మొక్కకు బలము నీటితోపాటు వచ్చు మరేదో పదార్థమునుండి వచ్చుచున్నది. నీరు ఆహారమును మోసికొనివచ్చు బండి వంటిది.

ఆ బండి రోజునకు ఎంత బరువు లాగుచున్నదో స్టీఫెన్ హేల్స్ తూచెను. థేమ్స్ ఒడ్డునగల టెడింగ్టన్ గ్రామములో ఆయన మతాచార్యుడు. 1724లో మూడున్నర అడుగుల ప్రొద్దుతిరుగుడు మొక్కగల కుండీని పలుచని సీసపు రేకుతో కప్పి, నీరు మన్నునుండి ఆవిరికాకుండ చేసి, 15 దినములు ఉదయము, సాయంకాలము తూచెను. 12 గంటల పగటిలో సగటున 20 ఔన్సులు, అనగా సుమారు 570 గ్రాముల నీరు, ఆకులనుండి ఆవిరియై పోయెను. వేడిగా, పొడిగానున్న రాత్రి సుమారు 3 ఔన్సులు తగ్గెను; మంచు కురిసిన రాత్రి ఏమియు తగ్గలేదు. 1727లో వెలువడిన తన గ్రంథములో ఆయన ఈ లెక్కలన్నిటిని ముద్రించెను.

ఈ క్రియనే నేడు బాష్పోత్సేకము అందురు. హేల్స్ అంకెలలో తోటమాలికి ముఖ్యమైన సూత్రమున్నది. మొక్క దాహము దినమునకొక తీరుగా మారును. ఎండ, వేడి, గాలి పొడిదనము, ఆకుల విస్తీర్ణము దానిని నిర్ణయించును. మబ్బు పట్టిననాడును మండుటెండనాడును ఒకే చెంబుతో నీరు పోయుట సరికాదు.

మూత త్రుప్పుపట్టిన సీసా

గాలిలోని ఆహారము సంగతి 18వ శతాబ్దాంతమున తేలెను. 1771లో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి కాలి చెడిన గాలిని పుదీనా కొమ్మ బాగుచేయుట చూచెను. 1779లో ఇంగెన్‌హౌస్, ఈ పని ఆకుపచ్చని భాగములు ఎండ తగిలినప్పుడు మాత్రమే చేయునని చూపెను. 1804లో జెనీవాకు చెందిన ద సొస్యూర్ తూనికలతో లెక్క పూర్తిచేసెను. మొక్క బరువులో అధికభాగము గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండియు నీటినుండియు వచ్చును. కొద్దిపాటి లవణములు మాత్రము వేళ్ళద్వారా మన్నునుండి రావలెను. హెల్మాంటు రెండు ఔన్సులకు అర్థము ఇదే. వేళ్ళకును ప్రాణవాయువు కావలెననియు, అది అందనిచో మొక్క చచ్చుననియు ఆయనయే చూపెను. కుండీలో నీరు నిలిచినప్పుడు మొక్క వాడుటకు కారణమిదే. మన్నులోని ఖాళీలను నీరు నింపి గాలిని వెడలగొట్టును. ఊపిరి అందని వేరు నీటిని పీల్చజాలదు. వాడిన ఆకును చూచి తోటమాలి మరల నీరు పోసినచో అపాయము రెట్టింపగును.

1829లో లండను వైద్యుడు నాథానియల్ వార్డ్, ఒక చిమ్మటను కోశస్థ దశలో తడిమన్నుతో సీసాలో ఉంచి మూత పెట్టెను. చిమ్మట సంగతి అటుంచి, మన్నులో ఒక ఫెర్ను, ఒక గడ్డి మొలచెను. పగలు ఆవిరైన నీరు గాజుపై చెమ్మగా చేరి మరల మన్నులోనికి జారుచుండెను. దాదాపు నాలుగేండ్లు చుక్క నీరు పోయకున్నను అవి బ్రతికెను. తుదకు, వార్డ్ ఊరిలో లేనప్పుడు మూత త్రుప్పుపట్టి వాననీరు లోనికి పోగా చచ్చిపోయెను! ఈ సీసానుండి పుట్టిన వార్డ్ పెట్టెలలో మొక్కలు సముద్రములు దాటెను. 1848–51 మధ్య రాబర్ట్ ఫార్చ్యూన్ చైనానుండి హిమాలయ తోటలకు తేయాకు మొక్కలను పంపినది ఇట్టి పెట్టెలలోనే.

కరగని ఎరువు

1840లో జర్మనీకి చెందిన లీబిగ్, మొక్కకు కావలసినవి ఖనిజ లవణములని గ్రంథము వ్రాసి ఐరోపానంతటిని ఒప్పించెను. 1845లో ఆయన సూత్రముతో తయారైన ఎరువు అమ్మకమునకు వచ్చెను. వానకు కొట్టుకొనిపోవునను భయముతో లవణములను కరిగించి పోతపోసి, నీటిలో కరగని గడ్డలుగా చేయించెను. ఎరువు పొలములో ఉన్నది, పంటకు అందలేదు. పైగా నత్రజని గాలినుండి చాలినంత వచ్చునని ఆయన తలచియుండెను. అది చాలదని ఇంగ్లాండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రములో 1843నుండి జరిగిన ప్రయోగములు రుజువు చేసెను. నీటిలో కరగినదే వేరునకు ఆహారమని, కావున నీరు పోయుట, ఎరువు వేయుట వేర్వేరు పనులు కావని దీనితో స్థిరపడెను.

1860 ప్రాంతమున జర్మనులు సాక్స్, నాప్ అనువారు నీటిలో తెలిసిన లవణములను తూచి కలిపి, మన్ను లేకుండ మొక్కలను గింజ పట్టువరకు పెంచిరి. నత్రజని, భాస్వరము, పొటాషియము, కాల్షియము, మెగ్నీషియము, గంధకము, కొంచెము ఇనుము చాలునని తేలెను. ఆ పాకము మిక్కిలి పలుచన: లీటరు నీటికి రెండు గ్రాములకు మించదు. వేరుచుట్టు నీటిలో లవణము చిక్కనైనచో, ద్రవాభిసరణము వలన వేరు నీటిని సులభముగా పీల్చజాలదు. మరింత చిక్కనైనచో వేరులోని నీరే బయటకు పోవును. ఎక్కువ ఎరువుతో ఆకు అంచులు మాడుటకు మూలమిదే.

కథ అంతటితో ముగియలేదు. లవణములను శుద్ధిచేయు పద్ధతులు మెరుగైనకొలది ఆ పాకములోనే మొక్కలు జబ్బుపడసాగెను! పూర్వపు లవణములలో మురికిగా కలిసియున్నవే మొక్కను కాపాడినవని అప్పుడు తెలిసెను. 1920 తరువాత మాంగనీసు, బోరాన్, జింకు, రాగి ఒక్కొక్కటిగా అవసరమైనవని తేలెను. 1939లో ఆర్నన్, స్టౌట్ అనువారు టమాటా మొక్కలతో మాలిబ్డినమును చేర్చిరి. కావలసినది లేశమే, అది లేనిచో మొక్క నిలువదు.

నేటి త్రాసు

నేటి పెద్ద హరితగృహములలో నీరు, కరిగిన ఎరువు ఒకే గొట్టమున బొట్టుబొట్టుగా కుండీలకు చేరును. కొన్నిటిలో బొగ్గుపులుసు వాయువును కూడ గాలిలో కలిపెదరు; హెల్మాంట్ విడిచిన పద్దును నేటి తోటమాలి లెక్కవేసి పెట్టుచున్నాడు. హేల్స్ త్రాసు సైతము మూలపడలేదు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థలో, మన్ను నింపిన పొడుగాటి గొట్టములలో పైరును పెంచి, వానిని తూచుచు, ఏ వంగడము ఎంత నీరు వాడుచున్నదో కనుగొనుచున్నారు.

పాఠశాలలో కూడ ఈ ప్రయోగము చేయవచ్చును. ఒకే పరిమాణముగల రెండు కుండీ మొక్కలకు సమముగా నీరు పోసి, కుండీని, మన్నును ప్లాస్టిక్ కాగితముతో కప్పి కాండము చుట్టు బిగించి కట్టవలెను. ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉంచి ఉదయ సాయంకాలములు తూచి వ్రాసికొనవలెను. వారము తిరుగకముందే రెండు అంకెల వరుసలు వేరుపడును. ఏ కుండీకి ఎంత నీరు పోయవలెనో ఆ వరుసలే చెప్పును.